దర్జీ వదిన జిహ్వాసమరం

చలిగాలులు తలుపుసందులను కోటద్వారములుగా భ్రమించి ముట్టడించుచున్న ఒకానొక అపరాహ్ణవేళ, కుట్టుమిషన్ల రణగొణధ్వనికి గోడలదరు ఒక ఇరుకు వీధిలో, ముప్పైరెండు దంతభటుల కాపలా నడుమ కొలువుదీరిన ఒక నాలుక గాథ వినుడు. ఆ నాలుకకు ఏలిక, సూచీధనుర్ధారిణి, కర్తరీఖడ్గవిశారద, ఆదివారపు ఆరాధనలో ముందు బెంచీ ఎన్నడూ విడువని భక్తాగ్రేసరి, సంఘమంతయు దర్జీ వదిన అని పిలుచు వీరవనిత.

ఆనాడు పెళ్లి కుదిరిన ఒక కన్యక గౌనుకు మళ్లీ కొలతలిచ్చి వెళ్లెను. నడుము పోయిన నెలకంటె రెండంగుళాలు హెచ్చెనని టేపు ఘోషించెను. "మనసులో అనుకొనుట పాపమా?" అని శోధన, అనగా పాపమునకు పురికొల్పు లోపలి గొంతు, మెల్లగా అడిగెను. కాదు కదా అని ఆమె అనుకొనెను. అంతట శోధన గొంతు పెంచి, "ఓ ప్రార్థనాధురంధరీ, ఇంతటి భారమును ఒంటరిగా మోయుదువా? ఒక సహోదరితో పంచుకొనుము. అది చాడీ కాదు, ప్రార్థన మనవి" అని ఉద్బోధించెను.

వదిన తోటికోడలికి ఫోన్ చేసెను.

"నీకొక్కదానికే చెప్తున్నా. ఆ పెళ్లికూతుర్ని ప్రార్థనలో జ్ఞాపకం చేసుకో."

"ఏమైందక్కా?"

"ఏం లేదు. నడుము పెరిగింది."

"ఎంత?"

చేతిలో రెండుగా ఉన్న అంగుళాలు నాలుకమీదికి వచ్చుసరికి నాలుగయ్యెను.

మూడోనాడు పెళ్లికూతురు ఎర్రబడిన కళ్లతో వచ్చి నిలిచెను. "ఆంటీ, మా కాబోయే అత్తగారు నన్ను డాక్టరు దగ్గరికి రమ్మంటున్నారు. నా నడుము గురించి ఎవరో చెప్పారంట. ఆ రోజు మీరు ఎవరో కస్టమరుతో ఫోన్లో మాట్లాడుతూ స్వెటరు మీదే కొలిచారు కదా."

శోధన తుది అస్త్రమెత్తెను: "తోటికోడలి పేరు చెప్పుము. ఊరంతా చాటినది ఆమెయే. అబద్ధము కూడా కాదు." దంతభటులు రెండుగా చీలి పోరాడగా, నాలుక అంగిలిని కరచుకొని ఎంతకును దిగకుండగా, వదిన ఎట్టకేలకు నోరు తెరచెను.

"నేనే చెప్పానమ్మా."

"నాలుగంగుళాలని కూడానా?"

"అదీ నేనే. పద, మీ అత్తగారితో నేనే చెప్తా."

ఆ ఇంట ఆమెను కూర్చోమనలేదు. గడపలో నిలబడియే అంతయు ఒప్పుకొని, అత్తగారు అన్నవన్నీ తల వంచుకొని విని, తిరిగివచ్చి గౌను విప్పి మొదటి కొలతకే కుట్టుటకు కూర్చుండెను. అంతలో తోటికోడలు ఆయాసపడుచు ప్రవేశించెను.

"ఏమందక్కా ఆవిడ? నాకొక్కదానికే చెప్పు. ప్రార్థన చేస్తా."

నాలుక లేడిపిల్లవలె ఎగిరెను. వదిన గుప్పెడు గుండుసూదులు తీసి పెదవుల నడుమ బిగించి, "ఊఁ" అనెను. తోటికోడలు ఎదురుచూచి చూచి, ఉసూరుమని వెడలెను.

జయము, జయము. ఏ శిలాశాసనమును ఎరుగని ఆ మహాదినమున, ఒక నాలుక ఒక పూట ఊరకుండెను.