ముందు పడవలు, ఆ తర్వాతే నేల

నిప్పు తర్వాత మనిషి కనిపెట్టిన అసలైన వస్తువు వరుస. చక్రమూ అక్షరమూ ఆ తర్వాతివే. (చక్రం కనిపెట్టినవాడు కూడా దాన్ని పట్టుకుని ఏదో ఒక కిటికీ ముందు నిలబడే ఉంటాడు.) వరుసలో ముందు ఎవరుండాలన్న దానిమీద రాజ్యాలు కొట్టుకున్నాయి గాని, చివర ఎవరుండాలన్న దానిమీద ఇంతవరకూ ఏ రాజ్యానికీ పేచీ రాలేదు. ఆ చోటు ఎప్పుడూ ఖాళీగా ఉండదు.

వరంగల్లు కొత్తవాడలో జంపఖానాల వ్యాపారి వీరభద్రం ఇంట్లో ఆ చోటు అతని భార్య కళావతిది. ఆమె ఫిజిక్సుతో బీయస్సీ పాసైంది. ఇంట్లో అందరూ తిన్నాక తినేది. దాని గురించి ఆమె ఎవరితోనూ ఒక మాట అన్నది లేదు. ఆమె ఫిర్యాదల్లా హిందూ మహాసముద్రం మీద.

ఆ రోజుల్లో ఇంటికి టెలిఫోను కావాలంటే పిల్ల పుట్టగానే దరఖాస్తు పెట్టాలి, దాని పెళ్లి నాటికి మంజూరయ్యేది. అంటే తెలిసినవాళ్లతో మాట్లాడటానికి అంత కష్టం. ముక్కూ మొహం తెలియనివాళ్లతో మాట్లాడతామంటే మాత్రం ప్రభుత్వం ఒక పరీక్ష పెట్టి, వైర్‌లెస్ సెట్టు పెట్టుకోవడానికి లైసెన్సు ఇచ్చేది. దాన్ని ఔత్సాహిక రేడియో అంటారు. ఆలుమగలిద్దరూ పరీక్షకు కూర్చున్నారు. వీరభద్రం చుక్కలూ గీతలూ కొట్టే దగ్గర తప్పాడు. (జీవితమంతా బేరమాడినవాడు, చుక్క కొట్టాల్సిన చోట గీతకు ఒప్పుకోమని పరీక్షాధికారిని అడిగాడు.) కళావతి పాసైంది. హైదరాబాదు నుంచి మిలిటరీ పాత సామాను తెప్పించి, వంటింటి గట్టు మీదే అతుకులు పెట్టి సెట్టు తయారుచేసుకుంది. సెట్టును డాబా మీదికి చేర్చి అక్కడ తీగ కట్టింది. ఆ తీగమీద అత్తగారు మొగిలమ్మ చీరలు ఆరేసేది. పట్టుచీర అయితే ఫరవాలేదు గాని, నేతచీర తడిగా వేసిన రోజున ఆఫ్రికా కొంచెం నీరసంగా వినిపించేది.

ఆదివారం పొద్దున సింహళానికీ సీషెల్స్‌కూ మధ్య, సొంత తెరచాప పడవల్లో సరదాకు తిరిగే దొరలూ దొరసానులూ రేడియోలో ఒకచోట కలిసేవాళ్లు. ఎవరి పడవ ఎక్కడుంది, గాలి ఎటుంది, ఎవరి దగ్గర ఉల్లిగడ్డలు అయిపోయాయి, ఇవీ మాటలు. ఆ సభకు పెద్ద సీషెల్స్‌లో ఉండే రేమండ్ అనే రిటైరైన డాక్టరు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే: ముందు పడవలు, ఆ తర్వాతే నేల. నీళ్లమీదున్నవాళ్ల బతుకు గాలిలో దీపం కనుక అది న్యాయమే. కాకపోతే పడవలన్నీ తమ తమ ఉల్లిగడ్డల సంగతి చెప్పుకునేసరికి వరంగల్లులో ఎండ ముదిరి, రేడియోలో గొంతులు పలచబడేవి. “ఇక నేలమీది కేంద్రాలు మాట్లాడవచ్చు” అని డాక్టరు అనే సమయానికి సెట్టులో పోపు చిటపటలు తప్ప ఏమీ మిగిలేవి కావు. ప్రతి వారం కళావతి “నా పేరు కళావతి, మాది వరంగల్లు” అన్న మాటను నాలుక మీద పెట్టుకుని కూర్చునేది. ప్రతి వారం దాన్ని మింగి, అన్నం వార్చడానికి కిందికి దిగేది.

“ఏమైంది, ఇయ్యాల గూడ నీ వంతు రాలేదా?” అన్నాడు ఒక ఆదివారం వీరభద్రం.

“నేలమీదున్నోళ్లు ఆఖరుకట.”

“మరి మనకు పడవున్నది గద.”

ఉన్న మాటే. సికింద్రాబాదులో వేలంపాటలో పరదాలు కొనబోయి, పొరపాటున పక్క పాటలో చెయ్యెత్తి అతను ఒక చిన్న తెరచాప పడవ కొన్నాడు. తెరచాప చివికిపోయి ఉంటే, తెలిసిన విద్య కనుక, తన మగ్గాల మీదే జంపఖానాతో కొత్తది నేయించాడు. రెండు వైపులా నెమళ్లు. నేత గట్టిది. దాని బరువు చూసి గాలి నమస్కారం పెట్టి పక్కనుంచి పోయేది. అందుకని వీరభద్రం నౌకాయానమంటే ఊరవతల ఎర్రచెరువు మధ్యలో నెమళ్ల నీడన కూర్చుని, ఎవరైనా వచ్చి నెట్టేదాకా ఆగడం.

కళావతి మర్నాడే దరఖాస్తు రాసింది. రేడియోను పడవలోకి ఎక్కించడానికి వేరే అనుమతి కావాలి. ఇచ్చేది ఢిల్లీలోని తేలియాడు కేంద్రాల సంచాలకుల కార్యాలయం. వాళ్లు జాగు చేయలేదు. ఒక వానాకాలం పోయి ఇంకొకటి వచ్చేలోపే జవాబు రాశారు: ఏ సముద్రం?

చెరువు అని రాసింది. చెరువు అనేది సముద్రాల జాబితాలో లేదని, దగ్గరలో ఉన్న సముద్రం రాయమని తిరుగు టపా. బంగాళాఖాతం అని రాసింది. బంగాళాఖాతంలో ఆ భాగం తమ పటంలో ఎండి ఉన్నదని, ఎప్పటినుంచి ఎండిందో తెలపాలని మరో టపా. ఇట్లా కాదని కళావతి పడవ ఫొటో పంపింది. దాంతో సంచాలకుల వారికి తర్కం దొరికింది. పడవ ఉన్నది కనుక రేవు ఉండి తీరాలి. రేవు ఉన్నది కనుక రేవు అధికారి ఉండి తీరాలి. ఆ అదనపు బాధ్యత, అదనపు జీతం లేకుండా, ఎర్రచెరువు శిస్తు చూసే గిర్దావరు యాదగిరి నెత్తిన పడింది.

యాదగిరి సైకిలు గోడకానించి అరుగుమీద కూర్చున్నాడు.

“చెల్లె, రేవు ఆఫీసరంటే ఏం జేస్తడు? నన్ను నిన్ననే జేసిండ్రు.”

“పడవలు లెక్క వెడ్తడన్నా.”

“ఎన్నున్నయి?”

“ఒకటి.”

“అయితే ఇయ్యాల్టి డ్యూటీ అయిపోయినట్టే. జర చాయ్ పెట్టు.”

చాయ్ తాగి సంచిలోంచి కాగితం తీశాడు. “గిండ్ల ఆటుపోటులు ఏ యాళ్లకని అడుగుతాండ్రు. అంటే ఏందమ్మా?”

“నీళ్లు పైకి లేసుడు, కిందికి దిగుడు.”

లోపల చేట పట్టుకుని బియ్యం చెరుగుతున్న మొగిలమ్మ తల బయటికి పెట్టింది. “పొద్దుగాల బర్రెలు దిగితె లేస్తయి. మాపటికి బర్రెలు ఎల్తె దిగుతయి. గిది గూడ ఎరుక లేదా? ఏం గిర్దావరువయ్యా నువ్వు?”

యాదగిరి అట్లాగే రాసి సంతకం పెట్టాడు. (దాన్ని చూసి ఢిల్లీలో ఎవరో ‘చంద్రుని ప్రభావం లేని అరుదైన రేవు’ అని అంచున రాశారని తర్వాత తెలిసింది.) లోతు అన్న చోట, తన దగ్గరున్న వానాకాలపు లెక్క చూసి ‘నిండుగా’ అని వేశాడు. రాత్రిళ్లు ఓడలకు దారి చూపడానికి దీపస్తంభం ఏదని అడిగితే కట్టమీది తాడిచెట్టుకు పెట్రోమాక్స్ లైటు కట్టించాడు. గీత కార్మికులు సంతోషించారు.

ఆఖరున, కప్తాను రాతపూర్వక అనుమతి లేనిదే ఓడలో రేడియో మోగరాదని వచ్చింది. వీరభద్రం ఆ రోజే కప్తాను అని ముద్ర చేయించుకున్నాడు. నియమం ప్రకారం రేడియో నడుస్తున్నంతసేపూ కప్తాను పడవ దిగకూడదు, సెట్టు ముట్టుకోకూడదు, మధ్యలో మాట్లాడకూడదు. ఇన్నేళ్ల కాపురంలో కళావతికి ప్రభుత్వం మీద మొదటిసారి గౌరవం కలిగింది.

“నువ్వు కప్తానువైతె దుకాండ్ల ఎవలు కూసుంటరు కొడుకా?” అన్నది మొగిలమ్మ.

“ఆదివారమే గదనే అమ్మా.”

“మరి ఆదివారం వంటెవలు జేస్తరు?”

దీనికి ఏ కార్యాలయమూ నియమం రాయలేదు. కళావతి పొయ్యి పని చీకటితోనే ముగించుకుని పోవాలని ఇంట్లో తీర్మానమైంది.

అనుమతి వచ్చింది. వచ్చింది మే నెలలో. ఎర్రచెరువులో నీళ్ల జాడ లేదు. పర్రెలు విచ్చిన బురద మధ్య పడవ ఒక పక్కకు ఒరిగి, నెమళ్లు ఎండకు వెలిసి ఉన్నాయి.

“వానలు పడ్డంక పోదాం తియ్” అన్నాడు వీరభద్రం.

“పర్మిషను ఈ నెలాఖరుదాకే ఉన్నది. మళ్ల మొదటికెల్లి అడగాలె” అన్నది కళావతి. ఇన్ని టపాలూ ఒక్క వంతు కోసం.

యాదగిరి ధైర్యం చెప్పాడు. “నువ్వేం ఫికర్ జెయ్యకు చెల్లె. రికార్డుల చెరువు నిండుగున్నది. నింపింది నేనేగద. నువ్వు మంచిగ కూసో, పడవ తేలుతాందనే లెక్క.”

అట్లా ఆ ఆదివారం భార్యాభర్తలు బురద దాటి పడవెక్కారు. ట్రాక్టరు బ్యాటరీ పెట్టారు. తెరచాప కొయ్యకు తీగ కట్టారు. కప్తాను జంపఖానా నీడన ఒరిగి, మధ్యలో మాట్లాడకూడదన్న నియమాన్ని పాటించడానికి గురక మొదలుపెట్టాడు.

“పడవలెవరైనా ఉన్నారా?” అన్నాడు రేమండు డాక్టరు.

కళావతి మీట నొక్కింది. లైసెన్సులో తనకిచ్చిన పిలుపు గుర్తు చెప్పి, తేలియాడు కేంద్రం అన్నది.

“స్వాగతం. ముందు మీరే చెప్పండి. ఎక్కడున్నారు?”

అక్షాంశం, రేఖాంశం చెప్పింది. అవతల పటం మడతలు విప్పుతున్న చప్పుడు వినిపించింది.

“అమ్మా, నా పటంలో అక్కడ కాగితం రంగు మారింది.”

“అవునండీ, మారుతుంది.”

“కింద లోతు ఎంత?”

తప్పుడు సమాచారం ప్రసారం చేస్తే లైసెన్సు రద్దని నియమం. “లోతేమీ లేదండీ” అన్నది కళావతి.

“పక్కన ఏం కనిపిస్తోంది?”

“ఒక బర్రె.”

“కప్తాను?”

“పడుకుని ఉన్నాడు. లేపితే లేవడు.”

డాక్టరు గొంతు డాక్టరు గొంతుగా మారింది. “అన్ని పడవలూ మౌనం పాటించండి. ఒక పడవ తుఫానుకు కొట్టుకుపోయి భూమి మధ్యలో పడింది. కప్తానుకు స్పృహ లేదు. ప్రమాదంలో ఉన్నవాళ్లది అందరికంటే ముందు వంతు.”

ఇది చెరువని, తాము క్షేమమని, ఇల్లు నడిచిపోయేంత దూరమని కళావతి వివరంగా చెప్పింది. “వింటున్నారుగా” అన్నాడు డాక్టరు మిగతా పడవలతో, “ఎండదెబ్బకు మొదట ఇల్లు గుర్తొస్తుంది. ఆమెను మాట్లాడిస్తూనే ఉండండి, నిద్రపోనివ్వకండి.” మాల్దీవుల దగ్గరున్న ఒక ఫ్రెంచి దొరసాని, తాను వెంటనే తెరచాప ఎత్తి వరంగల్లు బయల్దేరుతానన్నది.

అప్పుడు కళావతి మాట్లాడింది. హిందూ మహాసముద్రమంతా నోరు మూసుకుని విన్నది. తన పేరు చెప్పింది, ఊరు చెప్పింది, గాలి పడమటిదని చెప్పింది, నెమళ్ల సంగతి చెప్పింది. మే నెల కనుక మామిడికాయ పచ్చడి సంగతి కూడా చెప్పింది. (సాంకేతిక విషయాలు తప్ప మాట్లాడరాదని లైసెన్సులో ఉంది. నూనె పైకి తేలేదాకా జాడీ కదపకూడదన్నది సాంకేతికం కాదని ఇంతవరకు ఏ ఇంజనీరూ నిరూపించలేదు.) ఉప్పు ఎన్ని పాళ్లని నాలుగు పడవలవాళ్లు మళ్లీ అడిగి రాసుకున్నారు.

కప్తాను లేచాడు. “ఇంక ఒడువలేదా నీ ముచ్చట? ఆకలైతాంది.”

“ఆగుండ్రి జర. సముద్రం అడుగుతాంది.”

ఆ తర్వాత సంగతులన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి. డాక్టరు టెలిగ్రాములు ఇచ్చాడు. అవి ఢిల్లీ చేరి, సంచాలకుల గుండా రేవు అధికారి యాదగిరి దగ్గరకే దిగాయి. పడవ నేలకు తగిలిన మాట నిజమేనా అని ప్రశ్న. రికార్డుల ప్రకారం చెరువు నిండుగా ఉన్నదని, నిండుగా ఉన్న చెరువులో పడవ నేలకు తగలదని, కనుక ప్రమాదం జరగలేదని, జరగనిదానికి సహాయం అక్కరలేదని అతను రాశాడు. ఒక్క ప్రమాదమూ లేని రేవుగా వరంగల్లుకు మెచ్చుకోలు పత్రం వచ్చింది.

జరగని ప్రమాదం ముగిసిందని ఎవరూ రాసివ్వలేరు కదా. అందుకని డాక్టరు కాగితాల్లో ఆ పడవ ఈనాటికీ ఆపదలోనే ఉంది. ఆపదలో ఉన్న పడవ తరఫున నేలమీదనుంచైనా జవాబు చెప్పవచ్చని ఆయన సభకు కొత్త నియమం చేర్చాడు. వానలు పడి పడవ తేలినా అంతే, ఎండలకు ఎండినా అంతే. ప్రతి ఆదివారం, సింహళంకంటే ముందు, ఫ్రెంచి దొరసానికంటే ముందు, ఆయన పిలిచేది వరంగల్లునే. కళావతి డాబా మీద కూర్చుని తీరిగ్గా మాట్లాడుతుంది. మిగతా పడవలన్నీ తమ వంతు కోసం ఆగుతాయి.

మాట్లాడటం అయ్యాక సెట్టు కట్టేసి కిందికి దిగుతుంది. కప్తానుకు వడ్డిస్తుంది. అత్తగారికి వడ్డిస్తుంది. ఆదివారం కనుక భోజనాల వేళకు రేవు అధికారి వస్తాడు, అతనికీ వడ్డిస్తుంది. తర్వాత గిన్నెలో మిగిలింది పెట్టుకుని కూర్చుంటుంది. మొగిలమ్మ రికార్డుల్లో ఆమె ఇంకా నేలమీది కేంద్రమే.