మధ్యాహ్నం దాటితే పాల కాఫీ లేదు

బుధవారం ఉదయం ఈశ్వరన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య పరమేశ్వరి పెట్టెను మంచి గడియలో పక్కింట్లో పెట్టి రావాలి. ఎందుకన్నది తుడియలూరులో ఎవరికీ తెలియకూడదు.

పరమేశ్వరి పంపుల కంపెనీలో మోటార్లకు రాగితీగ చుట్టే విభాగానికి సూపర్‌వైజరు. ఇటలీలో బొలోన్యా అనే ఊళ్ళో జరిగే వ్యవసాయ యంత్రాల ప్రదర్శనకు కంపెనీ ఆమెను పంపుతోంది. ఇన్నేళ్ళూ కోట్లు వేసుకున్న మేనేజర్లే వెళ్ళి కేటలాగులు మోసుకొచ్చారు. తీగ చుట్టిన చెయ్యి విమానమెక్కడం ఇదే మొదలు. ఈ విమానం తప్పిపోతే ఆ అవకాశం మళ్ళీ కోటుకే పోతుంది.

చిక్కల్లా శుక్రవారం ఇంట్లోంచి బయలుదేరే వేళ సరిగ్గా రాహుకాలం కావడం. దానికి పెద్దలు చెప్పిన ఉపాయం పరస్థానం. ముందే మంచి వేళ చూసి పెట్టెను వేరే ఇంట్లో ఉంచితే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. బయటికి పోయిన పెట్టె మాత్రం మళ్ళీ గడప తొక్కకూడదు. రాహువు ఇంత తేలిగ్గా మోసపోతాడా అని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఈశ్వరన్‌కు దేవుడి మీదకన్నా దిష్టి మీద నమ్మకం ఎక్కువ. ప్రయాణం సంగతి పుట్టింటికి కూడా చెప్పొద్దని భార్య చేత ఒట్టు వేయించుకున్నాడు. వీధిలో తమవాళ్ళయితే పెట్టె చూడగానే పరస్థానమని పసిగడతారు. వాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదు. పక్కింటి జోతిమణి చర్చికి పోయే మనిషి, ఆమెకు ఈ గొడవలేవీ తెలియవు. అందుకని పెట్టె ఆమె ఇంటికి చేరింది.

"ఈ పెట్టి నీకాడ ఉండనీ జోతీ. మళ్ళా మా గడప తొక్కకూడదు. ఎందుకని అడగొద్దు."

"పరమక్క పెట్టి కదన్నా?"

"ఆమా, అవును. అదే అడగొద్దంటి."

జోతిమణి అడగలేదు. అడగొద్దన్న మాట కడుపులో ఊరికే పడుంటుందా? ఆమె గోడకు చెవి ఆనించింది.

గోడకు అవతల బొలోన్యా పాఠం నడుస్తోంది. ఈశ్వరన్ జన్మలో పక్కనున్న పాలక్కాడు దాటినవాడు కాదు. కానీ ఆ ఊరి గురించి ఫోన్లో దొరికిన వీడియోలన్నీ చూసి, అక్కడే పుట్టి పెరిగినవాడిలా తయారయ్యాడు.

"మధ్యాహ్నం దాటినాక పాల కాఫీ అడగొద్దు. తెలిసిందా?"

"సరి మావా."

"తాగేది కూడా నిలబడి తాగు. కూచుంటే దుడ్డు ఎక్కువ. నీళ్ళు కొనేది లేదు, వీధి కొళాయిలో పట్టుకో. వానొస్తే గొడుగు అడగొద్దు, వసారాల కిందనే నడువు."

"పోదుం మావా, ఇంక చాలు. తల నొస్తాంది."

జోతిమణికి ఏడుపు ఆగలేదు. బంగారంలాంటి మనిషికి ఇన్ని ఆంక్షలా! పుట్టినూరు కంబంలో ద్రాక్షతోట చూసుకునే పరమేశ్వరి అన్న గోపాలసామికి వెంటనే ఫోను కొట్టి, పెట్టె సంగతీ ఆంక్షల సంగతీ చెప్పింది. అతను చెల్లెలికి ఫోను చేశాడు. ఒట్టు వేసిన పరమేశ్వరి, "ఏమీ లేదన్నా, బాగుండాను," అని నసిగింది. ఆ నసుగుడుతో జోతిమణి మాట మీద అతనికి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. గోపాలసామి ఊళ్ళో చెప్పేసరికి కథ పెరిగి, ఈశ్వరన్ భార్యను వానలో నిలబెట్టి కొళాయి నీళ్ళు తాగిస్తున్నాడని తేలింది.

శుక్రవారం ఉదయం ద్రాక్షలోడు వ్యాను సందులోకి దూరి, సందు మొత్తాన్నీ మూసేసింది. గోపాలసామి వెంట నలుగురు పెద్దమనుషులు దిగారు. ప్రయాణం సంగతి పొక్కి, వీళ్ళు సాగనంపడానికి వచ్చారనుకున్నాడు ఈశ్వరన్. ఒళ్ళు మండింది.

"మీకెవరు చెప్పినారు?"

"తెలిసిపొయ్యిందని భయమా మచ్చాన్? నా చెల్లెలికి మధ్యాహ్నం కాఫీ లేదంట?" గోపాలసామి చెల్లెలి మొగుణ్ణి నిలదీశాడు.

"పాలదే వద్దంటి. నల్లది ఎంత కావాలన్నా తాగొచ్చు."

"కూచోకూడదంట?"

"ఎవరు చెప్పినారు? బాగా కూచోవచ్చు. దుడ్డు కట్టల్ల, అంతే."

పెద్దమనుషులు చెవులు మూసుకున్నారు. వాళ్ళలో ముసలాయన గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు. "అయ్యిందేదో అయ్యింది. ఆ పెట్టి లోపల పెట్టండి, సర్దుకుపోతారు."

గోపాలసామి పక్కింట్లోంచి పెట్టె తెచ్చాడు. ఈశ్వరన్ రెండు చేతులూ చాచి గుమ్మానికి అడ్డం పడ్డాడు.

"నన్ను చంపినా సరే, పెట్టి లోపలికి రాకూడదు!"

అందరి ఎదుటా పెళ్ళాం పెట్టెను కాదన్న మగాణ్ణి ఆ సందు అంతకుముందు చూడలేదు.

"సరి. నా చెల్లెలు ఈ ఇంట ఉండదు," అని గోపాలసామి పెట్టెను వ్యాన్లోకి విసిరాడు.

అప్పుడే చీర సర్దుకుంటూ పరమేశ్వరి బయటికి వచ్చింది. దంపతులు పిలిపించుకున్న టాక్సీ ముందుగానే వచ్చి, వ్యాను వెనక సందు మొదట్లో హారన్ కొడుతోంది. వ్యాను కదిలితే తప్ప అది రాదు, పంచాయితీ ముగిస్తే తప్ప వ్యాను కదలదు. నలుగురు పెద్దమనుషులకు బొలోన్యా అంటే ఏమిటో చెప్పి ఒప్పించేలోపు విమానం వెళ్ళిపోతుంది. ఆమె ఒక్క క్షణం మొగుడి వైపు చూసి, చకచకా వ్యాను ముందు సీట్లో ఎక్కి కూర్చుంది.

"పోదాం పా అన్నా. యాల అయిపోతాంది."

పెద్దమనుషులనూ ఎక్కించుకుని కదిలిన వ్యాను వెనక ఈశ్వరన్ పరిగెత్తాడు. "పరమూ! బస్సెక్కినాక టికెట్టుకు ముద్ర గుద్దుకో! లేకుంటే ఫైనేస్తారు!"

జోతిమణి కొంగు నోట్లో కుక్కుకుంది. పోయేదానికి ఇప్పుడు కూడా ఫైనా!

రోడ్డు ఎక్కాక పరమేశ్వరి మెల్లిగా అడిగింది. "ఎక్కడికన్నా?"

"కంబం. ఇంకెక్కడికి?"

"పీళమేడు మీదుగా పోనీ. అక్కడ నాకు విమానముండాది."

విమానాశ్రయం గేటు దగ్గర సంగతంతా విన్న గోపాలసామి, "నెసమా? నిజమేనా?" అని మాత్రం అనగలిగాడు. పెట్టె తానే దించి, చెల్లెలి తల మీద చెయ్యి పెట్టి, ముఖం తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. అన్న కోపం పుణ్యమా అని ఆమె రాహుకాలం రాకముందే ఇల్లు కదిలింది. రెండు రోజుల రహస్యం, పరస్థానం, ఒట్టు, అన్నీ దండగ.

మధ్యాహ్నానికి గోపాలసామి తుడియలూరు తిరిగొచ్చి తలవంచుకుని కూర్చున్నాడు. పెద్దమనుషులు బొలోన్యాలో ద్రాక్ష ధర అడిగారు. వీధంతా ప్రయాణం కబుర్లు అడగడానికి వచ్చింది. జోతిమణి సిగ్గుతో అందరికీ పాల కాఫీ పెట్టి తెచ్చింది. ఈశ్వరన్ నిలబడి తాగాడు.

మర్నాటి సాయంత్రం పరమేశ్వరి ఫోను చేసింది. "చేరినాను మావా. ఇప్పుడే కూచుని పాల కాఫీ తాగితి. ఎవరూ ఏమీ అనలేదు."

ఆ ఊరి గురించి ఆమెకేం తెలుసని, ఈశ్వరన్ ఆ మాట నమ్మలేదు.