ఇద్దరు పాఠకుల వంతెన

ఆ ఉదయం సబ్ ఎడిటర్ పెట్టుకున్న పని చిన్నదే. రెండు మధ్యాహ్న పత్రికలకీ శీర్షికలు రాసి పారేసి, అక్కగారింట్లో భోంచేసి, ఓ కునుకు తీయడం. పత్రికలు రెండైనా యజమాని ఒక్కడే. ఒకటి సర్కారును మోసేవాళ్లకి, రెండోది తిట్టేవాళ్లకి. రెండింటికీ రాసేది ఈయనేనని ఇంట్లో తెలియదు. బావ చదివేదాంట్లోనే ఉద్యోగమనుకుంటారు.

యుద్ధరంగం నుంచి వచ్చింది ఒక్కటే వాక్యం: వంతెన దగ్గర రాత్రంతా కాల్పులు జరిగాయి. ఆయన ఒకదానికి 'వంతెన మనదే' అనీ, రెండోదానికి 'వంతెన దగ్గర మనవాళ్ల ఊచకోత' అనీ రాసి చేతులు దులుపుకున్నాడు. మేనల్లుడు సైన్యంలో ఉన్నాడని తెలుసు గానీ, ఆ వంతెన దగ్గరేనని తెలియదు.

ఆయనకన్నా ముందే పత్రికలు ఆ ఇంటికి చేరాయి. చెరొకటి చదవడం ఆ దంపతులకి పెళ్లయిన నాటి నుంచీ ఉన్న పంతం. బావ వాకిట్లో మిఠాయి పంచుతున్నాడు. అక్క వంటింటి గడప మీద కూలబడి ఏడుస్తోంది. అభినందించడానికొచ్చిన పక్కింటివాళ్లు లోపలి ఏడుపు విని, నోట్లో మిఠాయి మింగాలో ఉమ్మాలో తెలియక నిలబడ్డారు.

"మీకసలు గుండె ఉందా? వాడు అక్కడే ఉన్నాడు" అంది అక్క.

"అక్కడ ఉన్నాడు కాబట్టే గెలిచారు" అన్నాడు బావ.

"నువ్వు చెప్పరా తమ్ముడూ. పత్రికలోనే పనిచేస్తావు కదా. నా కొడుకు ఉన్నాడా, లేడా?"

ఆయన పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. "కనుక్కుంటానక్కా" అన్నాడు. ఎవర్ని కనుక్కోవాలి? రాసింది తనే. జన్మలో మొదటిసారి తన చేతిని చూస్తే ఆయనకి అసహ్యమేసింది.

అంతలో మేనల్లుడే ఫోన్ చేశాడు. అక్క ఏడుపు ఆనందంగా మారింది. బావ ఇంకో మిఠాయి పొట్లం విప్పాడు. కుర్రాడు మాత్రం మామయ్యకి ఇమ్మన్నాడు.

"మామయ్యా, వంతెన మనదేనని మీ పేపర్లో వచ్చిందటగా. మా అధికారి ఫోన్లో చూసి, చీకటి పడేలోగా దాటేయమన్నాడు. అవతల ఎవరున్నారో ఇక్కడెవరికీ తెలీదు. నీకు తెలుసా?"

"దాటొద్దురా. అది అబద్ధం. నేనే రాశాను. రెండూ నేనే రాశాను."



"నీ మాట ఆయన వినడు మామయ్యా. పేపర్లో వేయించు" అని వాడు పెట్టేశాడు.

ఆయన యజమానికి ఫోన్ చేశాడు. "ఇప్పటికిప్పుడు వేయాలి సార్. వంతెన ఎవరిదో మనకి తెలియదని."

యజమాని, ఇది ఏ పత్రికకి అని అడిగాడు.