ప్రచారాధికారి గారి తొంభై ఒక్క కిలోలు

"దేశం కోసం ప్రాణాలివ్వడం పాతకాలపు సంగతి. ఇకమీదట దేశం కోసం బరువివ్వాలి. నాది నేనిస్తున్నాను."

1966లో తెనాలిలో జరిగిన సభలో ఈ ప్రకటన చేసి, ఆహార పొదుపు ప్రచారాధికారి శేషగిరిరావు వేదిక పక్కనున్న ధాన్యం కాటా ఎక్కాడు. తొంభై ఎనిమిది కిలోలు తూగాడు. బియ్యానికి కటకటగా ఉన్న రోజులవి. సోమవారం పొద్దుగూకాక అన్నం మానెయ్యమని జనానికి చెప్పడం ఆయన ఉద్యోగం. చెప్పే మనిషే అంత ఒళ్ళేసుకుని ఉంటే ఎవరు నమ్ముతారని పైఅధికారి అనేసరికి పౌరుషం వచ్చి, నెలకో ఊళ్ళో అందరి ముందూ తూగుతానని ఒప్పుకున్నాడు.

మొదటి నెల బాపట్లలో తొంభై నాలుగు. రెండో నెల రేపల్లెలో తొంభై ఒకటి. చప్పట్లే చప్పట్లు. ఆ తరవాత మూడు సభల్లోనూ కాటా ముల్లు తొంభై ఒకటి దగ్గరే కూర్చుంది. "ప్రగతి స్తంభించుటకు గల కారణములు వారములోగా తెలుపవలెను" అని పైనుంచి కాగితం వచ్చింది. "శరీరము పొదుపునకు పూర్తిగా అలవాటుపడినందున" అని జవాబు రాసి పంపాడు గాని, వచ్చే సభ తేదీని కాలెండరులో రోజుకి పదిసార్లు చూసుకుంటున్నాడు.

భర్త దిగులు చూడలేక మాణిక్యాంబ జీపు డ్రైవరు తోమాసుని పిలిచింది.

"సోమవారాలు కాంపులో మీ సారు ఏం తింటారు, తోమాసూ?"

"ఏమీ తినరండి అమ్మగారూ. ఉపవాసమండి."

"అసలేమీ తినరా?"

"అన్నం ముట్టరండి. ఈ మూణ్ణెల్ల నుంచీ టిఫినేనండి. బాపట్లలో ఉప్మా పెసరట్లు నాలుగు, రేపల్లెలో గారెలు ఓ పది. చెరుకుపల్లిలో ఆపితే మటుకు బజ్జీలండి."

ఆ పూట ఆవిడ భర్తని నిలదీసింది.

"టిఫిను అన్నం కిందికి రాదు. నిబంధనల్లో స్పష్టంగా ఉంది," అన్నాడాయన.

"నిబంధనలు కాటా ఎక్కవండీ, మీరెక్కుతారు. ఇక చాటుగా తినకండి. ఏది తినాలనుంటే అది చెప్పండి, వండి పెడతాను. ఒక్కసారి వడ్డించింది తిని లేవాలి. ఆఫీసుకి నడిచి వెళ్ళాలి."

మొదటి వారం ఆయన మారు వడ్డన కోసం ఖాళీ కంచం ముందు చాలాసేపు కూర్చునేవాడు. ఆవిడ చూడనట్టు వంటింట్లో గిన్నెలు సర్దుకునేది. రెండో వారానికి ఒక కొత్త సంగతి తెలిసింది: గారెకి రుచి ఉంటుంది. ఇన్నాళ్ళూ ఎవరైనా చూస్తారన్న కంగారులో మింగడమేగాని, నమిలింది లేదు. పొద్దున్నే కాలవగట్టు వెంట నడుస్తుంటే ఊపిరి కూడా తేలిగ్గా ఆడసాగింది.

నెల తిరిగేసరికి మళ్ళీ రేపల్లెలోనే జరిగిన సభలో ముల్లు ఎనభై ఏడు చూపించింది. హాలు దద్దరిల్లింది. శేషగిరిరావు గొంతు సవరించుకున్నాడు.

"సోదర సోదరీమణులారా, నెల రోజులుగా జిహ్వను జయించాను. ఇది కేవలం ఉపవాస మహిమ."

సభాధ్యక్షురాలు వసుంధర కాగితాలు పంచి అందరి చేతా ఉపవాస ప్రతిజ్ఞ చేయించి, అంతటి త్యాగమూర్తికి తోడునీడగా నిలిచిన ఇల్లాలు కూడా రెండు మాటలు చెప్పాలని కోరింది. మాణిక్యాంబకి మైకు కొత్త. అబద్ధం అంతకన్నా కొత్త.

"ఉపవాసమని చాటుగా టిఫిన్లు తిన్న మూడు నెలలూ ఈయన తగ్గలేదండి. ఈ నెల గారెలు, పెసరట్లు, గోంగూర అన్నీ ఇంట్లోనే తిన్నారు. పూటకి రెండే గారెలు, ఆపైన రెండు మైళ్ళ నడక. అంతేనండి."

శేషగిరిరావు కాటా వెనక్కి నక్కాడు గాని, కాటా ఆయనకి చాల్లేదు. ముందు వరసలో ఆడవాళ్ళు ప్రతిజ్ఞ కాగితాలు తిరగేసి, గారెల లెక్క రాసుకోవడం మొదలుపెట్టారు. వసుంధర కుర్చీ దగ్గరగా జరుపుకుని, మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, మాణిక్యాంబ చెవిలో అడిగింది:

"వదినగారూ, మూడో గారెకి ఎన్ని మైళ్ళు నడవాలంటారు?"

చెయ్యి సరిగ్గా అడ్డం పడలేదు. ఆ ప్రశ్న హాలంతా వినపడింది.