క్యోటో శనివారానికి పదకొండు సవరణలు

మానవజాతి ఇంతవరకు రాసుకున్న వాక్యాల్లో అత్యంత ప్రమాదకరమైనది ‘మార్పులు ఎన్నిసార్లైనా చేసుకోవచ్చు’ అనేది. ఈ సత్యం హైదరాబాద్‌లో తార్నాకకు కూతవేటు దూరంలో, దక్కన్ పీఠభూమి విశ్వవిద్యాలయం పరిపాలనా భవనంలో, మొన్న వేసవిలో రుజువైంది.

వృక్షశాస్త్ర శాఖలో జ్యోతిర్మయి ఇరవై రెండేళ్లుగా నాచు మీద పరిశోధన చేస్తోంది. (అవును, మనం కాలు జారి పడే ఆ నాచే.) వానలు మొదలైతే క్యాంపస్ గోడల ముందు భూతద్దంతో గొంతుక్కూర్చునే మనిషి ఆవిడే. ఆవిడకు క్యోటోలో సదస్సుకు ఆహ్వానం వచ్చింది. సదస్సు శుక్రవారంతో సరి, తిరుగు విమానం ఆదివారం. మధ్యలో ఒక్క శనివారం. ఆ ఊళ్లో ఎనభై రకాల నాచు పరుచుకున్న పాత తోట ఒకటుందని చదువుకునే రోజుల నుంచీ విని ఉంది. అందుకని ఆ ఒక్క రోజుకు, తనొక్కతికే, ఒక గైడును కుదుర్చుకుంది. ‘మీకేం చూడాలనుంది?’ అని వెబ్‌సైటు అడిగితే ‘నాచు తోట, ఆరు గంటలు’ అని రాసింది. ఉద్యోగంలో చేరాక ఏ ఫారమూ ఆవిడను ఆ ప్రశ్న అడగలేదు కనుక, రాశాక కాసేపు సిగ్గుపడింది కూడా.

తప్పెక్కడ జరిగిందంటే, ఆవిడ నిజం చెప్పింది. విదేశీ ప్రయాణ దరఖాస్తులో ప్రతి తేదీకీ ఒక గడి ఉంటుంది. శనివారం గడిలో ‘విశ్రాంతి’ అని రాసేస్తే పోయేది. ఆవిడ టూర్ బుకింగ్ కాగితం జతచేసింది.

సూపరింటెండెంట్ వెంకటనర్సయ్య ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ప్రైవేట్ టూర్ అని ఉన్నది. గిదేంది మేడం?”

“ఆ రోజు నా సొంత పనండి.”

“సొంత పనైతే ఫైల్ల ఎందుకు పెట్టిన్రు? పెట్టిన్రంటే అప్రూవల్ కావాలె.”

ఈ తర్కానికి ప్రపంచంలో ఏ తర్కశాస్త్ర శాఖ దగ్గరా జవాబు లేదు.

ఇక్కడ ఒక నియమం చెప్పాలి. ఆ భవనంలో ఏ అధికారీ తన బల్ల మీదకొచ్చిన కాగితంలో ఒక్క మార్పైనా చేయకుండా సంతకం పెట్టడు. పెడితే చదవలేదనుకుంటారు. (ఇది ఎక్కడా రాసి లేదు. అందుకే అందరూ పాటిస్తారు.) మామూలుగా ఒక కామాతోనో, ఒక ‘గౌరవనీయ’తోనో సరిపెట్టుకుంటారు. ఈ టూరునైతే, బుకింగ్ కాగితం అడుగున రాసి ఉన్న ప్రకారం, ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చట!

“ఆడ జనం బస్సుకు లైన్ల ఎట్ల నిలబడ్తరో చూసి రాండ్రి. మన ఫీజు కౌంటర్‌కు పనికొస్తది. నలభై నిమిషాలు చాలు,” అన్నాడు వెంకటనర్సయ్య.

జ్యోతిర్మయి మొహమాటపడుతూ గైడుకు రాసింది. గైడు పేరు ఒకుమురా. నాలుగు నిమిషాల్లో జవాబొచ్చింది: ‘మీ విలువైన సూచనకు కృతజ్ఞతలు. ప్రణాళిక సవరించాం.’

వెంకటనర్సయ్య ఆ జవాబును మూడుసార్లు చదివించుకున్నాడు. “ముప్పై ఏండ్ల సర్వీస్ల నా సూచనకు ఎవ్వలూ గింత జల్ది థాంక్స్ చెప్పలే మేడం,” అన్నాడు. ఆ జవాబుకు ప్రింటు తీయించి తన సొరుగులో దాచుకున్నాడు.

కబురు మధ్యాహ్నం టీ వేళకల్లా భవనమంతా పాకింది. ఇంజనీరింగ్ విభాగం అక్కడి మురుగు కాలువల మూతల పరిశీలన చేర్చింది. హాస్టల్ వార్డెన్ అక్కడి విద్యార్థుల భోజనశాలలో అన్నం వార్చే విధానం చేర్చాడు. పరీక్షల విభాగం, చేర్చడానికి ఏమీ తోచక, ఒక గంట ‘ఆకస్మిక తనిఖీ’ చేర్చింది. (దేన్ని తనిఖీ చేయాలన్నది తర్వాత తెలియజేస్తారు.) డిప్యూటీ రిజిస్ట్రార్ రఘువీర్ మ్యాపు తెప్పించుకుని చూసి, నిట్టూర్చి, ఇలా రాశాడు: ‘ప్రతిపాదనలో నగర పశ్చిమ భాగానికే ప్రాధాన్యం దక్కింది. తూర్పు ప్రాంతానికి జరుగుతున్న అన్యాయాన్ని తక్షణం సరిదిద్దాలి.’ క్యోటో తూర్పు ప్రాంతం ఈ సంగతి ఇప్పటికీ ఎరగదు.

ప్రతి సవరణకూ నాలుగు నిమిషాల్లో కృతజ్ఞతలు వచ్చాయి. ప్రతి సవరణకూ తోట కుంచించుకుపోయింది. ఆరు గంటలు నాలుగయ్యాయి, రెండయ్యాయి, ముప్పావు గంటయింది. పదకొండో సవరణ తర్వాత తోట పేరు ఎదురుగా ‘సమయం మిగిలితే’ అని మాత్రమే ఉంది.

జ్యోతిర్మయి బెంగపడలేదు. విమానమెక్కాక అడిగేదెవరు? గైడును నేరుగా తోటకే తీసుకెళ్లమంటే సరి.

శనివారం ఉదయం ఆ మాటే అంది. ఒకుమురా నడుము వంచి నమస్కరించి, తొమ్మిది పేజీల ప్రణాళిక చూపించింది. “ఇంత శ్రద్ధగా కోరికలు తెలిపిన కస్టమర్‌ను నేను ఇంతవరకు చూడలేదు. ఒక్కటి కూడా వదిలిపెట్టను,” అంది. మార్పులేమైనా ఉంటే ఇరవై నాలుగు గంటల ముందే తెలపాలట. ఒకుమురా మాట మీద నిలబడే మనిషి.

జ్యోతిర్మయి నలభై నిమిషాలు బస్సు ఎక్కకుండా వరుసలో నిలబడింది. పదిహేడు మూతలు చూసింది. తూర్పు ప్రాంతానికి న్యాయం చేసింది. సాయంత్రం తోట గేటు దగ్గరికి చేరేసరికి లోపలి నుంచి గడియ వేస్తున్నారు. గేటు సందులోంచి, అప్పుడే వాన వెలిసిన పచ్చదనం ఒక జానెడు కనిపించింది. ఆవిడ అక్కడే గొంతుక్కూర్చుని ఏడ్చింది. ఒకుమురా చేతి రుమాలు అందించి, టూరు అక్షరాలా కోరిన ప్రకారం ముగిసిందని తెలియజేసింది.

విశ్వవిద్యాలయం ఈ యాత్రను ఆదర్శంగా ప్రకటించింది. ‘విదేశీ ఖాళీ దినాల వినియోగ సంఘం’ ఏర్పడింది. అనుభవం దృష్ట్యా జ్యోతిర్మయి దానికి అధ్యక్షురాలైంది.

మొదటి దరఖాస్తు చరిత్ర శాఖ నుంచి శైలజది. కొత్తగా చేరిన పిల్ల. కోబే నగరంలో ఒక రోజు, గైడుతో, ఓడరేవు మాత్రమే, ఆరు గంటలు. పుట్టి బుద్ధెరిగి ఓడ చూడలేదట. జ్యోతిర్మయి కాగితమంతా చదివింది. వంక పెట్టడానికి ఒక్క అక్షరం లేదు. ఈ అమ్మాయిని మాత్రం చల్లగా వెళ్లనివ్వాలని మనస్ఫూర్తిగా అనుకుంది. కలం తీసింది. సంతకం చేసే చోట కలం ఒక్క క్షణం ఆగింది. తర్వాత కాస్త పైకి జరిగి, ‘కొండవాలున నాచు పరిశీలన, నాలుగు గంటలు’ అని రాసింది.

“మేడం, నాకు నాచు గురించి ఏం తెల్వదు,” అంది బల్లకు అవతల నిలబడ్డ శైలజ బిక్కమొహంతో.

“అందుకేనమ్మా చేర్చింది,” అని జ్యోతిర్మయి ఆప్యాయంగా సంతకం పెట్టింది.