ఎక్కేటప్పుడొకటి, దిగేటప్పుడొకటి

సోమవారం పొద్దున్న ఉదయభాస్కర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఐదింటికి లేచి కంకిపాడు దాకా సైకిలు తొక్కి, ఏడున్నరకల్లా పటమటలో ఇంటికి తిరిగొచ్చి, నాలుగు ఇడ్లీలు తిని, జూనియర్ కాలేజీకి వెళ్ళి సెకండియర్ పిల్లలకి ఫిజిక్సులో ధ్వని తరంగాల పాఠం మొదలుపెట్టాలి. ఇందులో ఎవరికీ ఏ హానీ లేదు. ఆ ప్లాను ఆ వారంలోనే మైలవరం నుంచి చుట్టాన్ని బస్సెక్కిస్తుందని మాత్రం ఎవరూ అనుకోరు.

అతనిది మామూలు సైకిలు కాదు, రోడ్ బైకు. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, సన్నటి టైర్లు, ఒంటి చేత్తో లేపగలిగే బరువు. ఆరు నెలల క్రితం డాక్టరు షుగరు రిపోర్టు చూసి "మాస్టారూ, ఇక కదలాలి" అన్నాక కొన్నాడు. షుగరు సంగతి ఎలా ఉన్నా, మనిషిని పట్టేసింది ఆ సైకిల్లోని నిశ్శబ్దం. తెల్లవారుజామున బందరు రోడ్డు మీద ఊరు దాటితే గాలి తప్ప ఇంకేమీ వినపడేది కాదు. పాతికేళ్ళుగా అరిచి అరిచి పాఠాలు చెప్పిన మనిషి నలభై తొమ్మిదో ఏట మొదటిసారి తన ఊపిరి తను విన్నాడు. "లోకం ఇంత బాగుంటుందా!" అని వరిచేలో నిలబడ్డ కొంగతో పైకే అన్నాడు కూడా.

ఆ సోమవారం కంకిపాడు ముందు స్పీడ్ బ్రేకర్ ఎక్కుతుంటే సైకిలు "టిక్" అంది. దిగుతుంటే మళ్ళీ "టిక్" అంది. తిరిగొచ్చేదాకా ప్రతి గతుకులోనూ అంతే. ఆ రోజు కొంగ కనపడినా పలకరించలేదు.

సైకిల్ షాపు జోయెల్ దగ్గరికి తీసుకెళ్ళాడు. సైకిలు అమ్మిందీ అతనే, ఆదివారం ఆదివారం పదిమందిని వెంటేసుకుని తొక్కించేదీ అతనే. వచ్చే ఆదివారం పామర్రు దాకా వెళ్ళి రావాలని, ఉదయభాస్కర్‌ని ముందు నడవమని అప్పటికే చెప్పి ఉన్నాడు. జోయెల్ సైకిల్ని స్టాండుకి తగిలించి చక్రం తిప్పాడు.

"నాకేం వినపడట్లేదు సార్."

"నిలబెట్టి తిప్పితే వినపడదయ్యా. గతుకు రావాలి."

జోయెల్ చెయిను మార్చాడు. పెడళ్ళు మార్చాడు. విప్పదగ్గదల్లా విప్పి, గ్రీజు పూసి, బిగించాడు. బుధవారం పొద్దున్న మళ్ళీ టిక్, టిక్. జోయెల్ చేతులు తుడుచుకుంటూ మొహమాటంగా అన్నాడు.

"ఏమనుకోకండి సార్. ఇందులో ఇంక పాతగా మిగిలింది మీరొక్కరే. ఓసారి మోకాళ్ళు చూపించుకోండి."

చూపించుకున్నాడు. డాక్టరు రెండు మోకాళ్ళూ వంచి, చాచి, నిక్షేపంలా ఉన్నాయన్నాడు.

అక్కడితో విషయం రమాసుందరి చేతిలోకి వెళ్ళింది. ఆవిడ అతని భార్య. గవర్నమెంటు ఆఫీసులో సూపరింటెండెంటు కాబట్టి ఏ ఫైలూ తేల్చకుండా వదలదు.

"ఏవండీ, అది ఊరికే చప్పుడు చేస్తుందా? లోపలెక్కడో విరుగుతోందన్నమాట. లారీల మధ్య విరిగితే మీ గతేంటి? ఇచ్చేసెయ్యండి."

"ప్రతి చప్పుడుకీ ఓ కారణం ఉంటుంది రమా. కనిపెడతా."

"కనిపెట్టేదాకా మీరుండాలిగా!"

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. గురువారం పొద్దున్న బందరు కాలవ గట్టు మీద అతను సైకిలు తొక్కుతాడు. రమాసుందరి పక్కనే స్కూటరు నడుపుతుంది. వెనక కూర్చున్న కూతురు శాంభవి, ఇంజనీరింగు చదువుతోంది కాబట్టి, ఫోను సైకిలు వైపు చాచి చప్పుడు రికార్డు చేస్తుంది. వినడానికి బాగానే ఉంది. కానీ స్కూటరు పక్కకి వచ్చేసరికి ఉదయభాస్కర్‌కి కంగారు పుట్టి జోరు పెంచాడు.

"వినపడిందా?" అని ముందు నుంచి అరిచాడు.

"లేదు! మీరు ఆగండి!"

"ఆగితే ఎలా? నువ్వే దగ్గరికి రా!"

"మీరలా పారిపోతుంటే నేనెలా వచ్చేది?"

"అమ్మా, వీడియో వస్తోంది. నాన్నని వదలకు!" అంది శాంభవి.

టీ కొట్టు దగ్గర నలుగురు మొగాళ్ళు లేచి దారిచ్చారు. అందులో ఒకాయన చేతులు చాచి స్కూటరుకి అడ్డం నిలబడి, "మీరు వెళ్ళిపోండి మాస్టారూ, అమ్మగారితో మేం మాట్లాడతాం" అని ధైర్యం చెప్పాడు. సరిగ్గా అప్పుడే షేర్ ఆటోలోంచి రమాసుందరి పిన్ని జ్ఞానేశ్వరి ఇదంతా చూసింది. ఆటో దిగకుండానే మైలవరానికి ఫోన్ చేసింది. "రమ మొగుణ్ణి కాలవ గట్టంతా తరిమింది. పిల్లేమో వీడియో తీసింది." ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాకపోవడమే వచ్చిన చిక్కు.

సాయంత్రానికల్లా రమాసుందరి అన్న వీరభద్రరావు జామకాయల సంచితో దిగాడు. రిటైరైన హెడ్మాస్టరు. మైలవరం చుట్టుపక్కల ఏ మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకున్నా ఆయనే వెళ్ళి సర్దాలి. అదొక సరదా ఆయనకి. మంచినీళ్ళైనా తాగకుండా ఇద్దర్నీ చెరో కుర్చీలో కూర్చోబెట్టాడు.

"నువ్వు చెప్పు బావా. ఎన్నాళ్ళుగా ఇది?"

"సోమవారం నుంచండి బావగారూ," అన్నాడు ఉదయభాస్కర్. సైకిలు కోసం అంత దూరం నుంచి వచ్చాడని మనసు కరిగిపోయింది.

"ఎప్పుడెప్పుడు?"

"గతుకొస్తే చాలండి."

"గతుకుల్లేని కాపురం ఎక్కడుందయ్యా? సర్దుకుపోవాలి."

"ఎలా సర్దుకోనండి? అన్నీ మార్చాను. మోకాళ్ళు కూడా చూపించుకున్నాను."

వీరభద్రరావు చెల్లెలి వైపు భయంగా చూశాడు. "మోకాళ్ళ దాకా వెళ్ళిందా తల్లీ?"

శాంభవి నవ్వాపుకోలేక వీడియో పెట్టి చూపించింది. ఆయన రెండుసార్లు చూశాడు. గొడవ లేదని తెలిసింది. కానీ బస్సెక్కి వచ్చి, తీర్పు చెప్పకుండా వెళ్ళే అలవాటు ఆయనకి లేదు.

"సరే. శనివారం సాయంత్రం లోపు చప్పుడు పోతే సైకిలు ఉంటుంది. పోకపోతే ఇచ్చెయ్యాలి. మళ్ళీ ఆ ఊసెత్తకూడదు. మాటేనా బావా?"

ఉదయభాస్కర్ బాల్కనీలో గోడకి ఆనించిన సైకిల్ని చూశాడు. ఆ పొద్దుటి గాలి, ఆ చేలు, ఆ కొంగ, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "మాటేనండి" అన్నాడు. తీర్పు అమలయ్యేదాకా ఉంటానని వీరభద్రరావు సంచిలోంచి లుంగీ తీశాడు.

శనివారం పది గంటలకి ఉదయభాస్కర్ అపార్ట్‌మెంట్ సెల్లార్లో సైకిలు పక్కన కూలబడి ఉన్నాడు. మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాడు. ర్యాంపు మీద నడిపిస్తే ఇంకా అంటోంది, ఎక్కేటప్పుడొకటి, దిగేటప్పుడొకటి. రమాసుందరి, వీరభద్రరావు, శాంభవి చావు దగ్గర నిలబడ్డట్టు చుట్టూ నిలబడ్డారు. అప్పుడే మోపెడ్ మీద చేపల డబ్బాతో కాశీరావు వచ్చాడు. కొల్లేటి పక్క మనిషి, యాభై దాటాయి, శనివారం శనివారం రెండో అంతస్తు వాళ్ళకి కొరమేను తెచ్చిస్తాడు.

"ఏంటి సారూ, అలా కూచున్నారు?"

ఉదయభాస్కర్ చెప్పాడు. కాశీరావు శ్రద్ధగా విని, డబ్బా దింపాడు.

"ఓ కర్రుంటే ఇప్పించండి అమ్మగారూ. నున్నగా ఉండాలండి."

రమాసుందరి పైకెళ్ళి అప్పడాల కర్ర తెచ్చింది.

"మా నాన్న కొల్లేట్లో తెడ్డు నీళ్ళలోకి దింపి, పిడి చెవికి ఆనించుకునేవాడండి. చేప ఏ పక్కనుందో చెప్పేవాడు. నాకంత రాదండి. మోటార్లు బాగుచేసేటప్పుడు పనికొస్తది. నడిపించండి సారూ."

ఉదయభాస్కర్ ర్యాంపు మీద సైకిలు నడిపించాడు. కాశీరావు అప్పడాల కర్ర ఒక కొస వెనక చక్రం ఇరుసుకి, రెండో కొస చెవికి ఆనించుకుని, వంగి పక్కనే నడిచాడు. "ఇక్కడ కాదండి." సీటు. "ఇక్కడా కాదండి." పెడలు, గొట్టాలు, ముందు చక్రం. వాచ్‌మన్ ఎవరూ చెప్పకుండానే నీళ్ళ మోటారు ఆపేశాడు. వీరభద్రరావు వచ్చిన దగ్గుని నోట్లోనే ఆపుకున్నాడు. గాలి కంటే గట్టి వస్తువులో ధ్వని వేగంగా పోతుందని పాతికేళ్ళు బోర్డు మీద రాశాడు ఉదయభాస్కర్. ఒక్కనాడు ఒక్క కర్ర చెవికి పెట్టుకుని వినలేదు. వింటున్న ఆ మనిషి మొహం చూస్తుంటే అతనికి ఒళ్ళు గగుర్పొడిచింది.

కర్ర హ్యాండిలు కుడి కొమ్ము మీదికి వచ్చింది. కాశీరావు కళ్ళు మూసుకున్నాడు.

"ఆఁ. ఇక్కడుందండి. కానీ సారూ, ఇది ఊడిపోయిందాని చప్పుడు కాదు. ఊడింది గరగరలాడుద్ది. ఇది పద్ధతిగా దొర్లుతోంది. ఎవరో పెట్టిందండి."

"నేను పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను," అని రమాసుందరి గబుక్కున వెనక్కి తిరిగింది.

"పాలు పొద్దున్నే కాగాయిగా అమ్మా," అంది శాంభవి.

కాశీరావు హ్యాండిలు చివర బిరడా గోటితో లాగి, కిందికి వంచాడు. ముందు నలిగిన దూది రాలింది. దాని వెనకే ఎర్ర దారం చుట్టిన రాగి తాయెత్తు ఒకటి జారి, సెల్లార్ నేల మీద పడి, టిక్ మంది.

అందరూ రమాసుందరి వైపు తిరిగారు. ఆవిడే అందుకుంది, కోపంగానే.

"కొన్న రోజు నిమ్మకాయ తెస్తే 'ఇది సైన్సు, దీనికి నిమ్మకాయేంటి' అని నవ్వారుగా! పైకి కనపడితే ఊరుకోరని లోపల పెట్టా. చీకటితో లారీల్లోకి వెళ్తారు. మీరొచ్చి గేటు తీసేదాకా నా ప్రాణం నాది కాదు. ఆరు నెలల్లో మీ ఒంటి మీద ఒక్క గీత పడిందా? దూది గట్టిగానే కుక్కా, ఇన్నాళ్ళకి నలిగింది కాబోలు."

"మరి సైకిలు ఇచ్చెయ్యమని పట్టుబట్టింది నువ్వేగా తల్లీ?" అన్నాడు వీరభద్రరావు.

"చప్పుడు నాదని నాకేం తెలుసన్నయ్యా?"

ఉదయభాస్కర్ తాయెత్తు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ఒంటరిగా తొక్కుతున్నానని సంబరపడిన ప్రతి పొద్దునా ఈవిడ తన కుడిచేతి కిందే ఉంది. తను కొంగతో మాట్లాడినప్పుడు కూడా ఉంది. కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

"దూది తే రమా. ఈసారి నేను కుక్కుతా."

"నేల మీద పడిందిగా! కొండ మీదికి తీసుకెళ్ళి, మళ్ళీ అమ్మవారి పాదాల దగ్గర పెట్టించాలి. శుక్రవారం దాకా కుదరదు."

"నేనూ వస్తా. మరి రేపు పామర్రు ఎలాగ?"

ఆవిడ కాసేపు ఆలోచించి, స్కూటరులో పెట్రోలు పోయించుకు రమ్మంది.

సైకిలు దక్కిందని తీర్పు మళ్ళీ చెప్పి వీరభద్రరావు ఆ సాయంత్రమే మైలవరం వెళ్ళిపోయాడు. ఆదివారం పొద్దున్న పదకొండు సైకిళ్ళు బారులు తీరి బయల్దేరాయి, ముందు ఉదయభాస్కర్. కంకిపాడు స్పీడ్ బ్రేకర్ ఎక్కాడు, దిగాడు. కిక్కురుమనలేదు. చేల మీద మంచు, పక్కన కాలవ, మళ్ళీ ఆ ఊపిరి చప్పుడు. అంత దూరాన, అందరి వెనకా, ఒక స్కూటరు.

"మేడం ఇందాకట్నుంచి వెనకాలే వస్తున్నారు సార్," జోయెల్ పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "ఇంట్లో ఏమన్నా గొడవా?"

"లేదయ్యా. శుక్రవారం దాకా ఇంతే."

తొమ్మిదింటికి మైలవరంలో వీరభద్రరావు ఫోను మోగింది.

"ఒరేయ్ భద్రం, ఈసారి పామర్రు దాకా తరిమిందటరా!" అంది జ్ఞానేశ్వరి పిన్ని.

"మంచిది పిన్నీ" అని ఆయన ఫోను పెట్టేసి, రెండో పెసరట్టు వెయ్యమన్నాడు.