తెరుచుకోని పెట్రోలు మూతకు జేజేలు

కారు పెట్రోలు మూత తెరుచుకోకపోవడాన్ని మించిన వరం లేదు! నవ్వకండి, నేను పరాచికాలాడటం లేదు.

మూత రాకపోతే పెట్రోలు పొయ్యక్కర్లేదు. పెట్రోలు లేకపోతే చుట్టాల ఇళ్లకు వెళ్లక్కర్లేదు. గాలి శుభ్రంగా ఉంటుంది, మా బావగారి చేపల వేట కథ తప్పుతుంది. చిన్న రేకు ముక్క ఇంత లోకకల్యాణం చేస్తుంటే, మెకానిక్కు చేత దాన్ని ఊడబీకిస్తారా? ఇదెక్కడి న్యాయం!

పోయిన శనివారం ఆ వరం నాకూ దక్కింది. మా అమ్మాయి సైమికి స్కూలులో చివరి మూడేళ్ల చదువు పూర్తయింది. ఇక్కడి ఆచారం ప్రకారం, చదువు ముగిసిన రోజు స్కూలు వేడుకలో సరిగ్గా పన్నెండింటికి పిల్లలంతా ఒక్కసారే తెల్లటోపీ పెట్టుకుంటారు. మూడేళ్లు చదివేది ఆ క్షణం కోసమే. మా పిల్ల ఆ టోపీని ఇంట్లో మరిచిపోయి పొద్దున్నే స్నేహితురాళ్లతో వెళ్లిపోయింది. దాన్ని పక్కసీట్లో పెట్టుకుని నేను బయల్దేరాను. స్కూలున్న మిక్కెలి పట్నం ఇంకా నలభై కిలోమీటర్లు ఉందనగా పెట్రోలు ముల్లు ఎర్రగీత మీద పడింది.

ఒకే ఒక్క పంపున్న బంకులో ఆగి మూత నొక్కాను. రాలేదు. రిమోటు నొక్కితే తలుపులన్నీ ఠక్కుమన్నాయి, మూత మాత్రం ఉలకలేదు. గుద్దాను, బతిమాలాను, గోళ్లతో పీకాను. వెనక ఆరు కార్లు ఆగాయి. ఒక్కరైనా హారన్ కొట్టారా? అబ్బే! ఒక్కరైనా దిగి ఏమైందని అడిగారా? మర్యాద తెలిసిన మనుషులండీ! నేను మాత్రం తక్కువ తిన్నానా? వెనక్కి తిరిగైనా చూడకుండా, ఆ మూతను పరిశీలించడానికే వచ్చినవాడిలా నిలబడ్డాను. ఇరవై రెండు నిమిషాలు!

చివరికి వెనక కారులోంచి ఒక పెద్దావిడ దిగింది. నా డిక్కీ తెరిచి, పక్కనున్న అట్ట తప్పించి, లోపలి చిన్న తాడు లాగింది. మూత టక్కున తెరుచుకుంది.

"నాదీ ఇదే కారు బాబూ. మూత తెరిచే చిన్న మోటారు పట్టేస్తే ఈ తాడే గతి."

"మరి ముందే చెప్పలేకపోయారా అమ్మా?"

"అయ్యో, నువ్వు అడగందే ఎలా చెబుతాను? బాగుండదు కదూ!"

నేను చేరేసరికి అంతా అయిపోయింది. ఫొటో నిండా తెల్లటోపీలు, నడుమ టోపీ లేని తల ఒక్కటే, మా పిల్లది. సైమి ఏడవలేదు. "నోరు తెరిచి ఒక్క మాట అడిగితే ఏం పోయేది నాన్నా?" అంది. ఏడ్చినా బాగుండేదనిపించింది.

తిరుగుదారిలో మళ్లీ అదే బంకు. మా ముందు ఒకాయన తన కారు మూతను గోళ్లతో పీకుతున్నాడు. అచ్చం మా కారే. తాడెక్కడుందో నాకు బాగా తెలుసు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. పది నిమిషాలు గడిచాయి. సైమి ఆలస్యంగా దక్కిన టోపీ సర్దుకుని, తలుపు తీసుకుని దిగింది.

"ఎక్కడికే? ఆయన అడగలేదుగా! బాగుండదు!" అన్నాను.

మా పిల్ల వినిపించుకోలేదు. సరాసరి వెళ్లి ఆయన్ని డిక్కీ తీయమంది. నేను సీట్లో ముడుచుకుని, రేడియో సరిచేస్తున్నట్టు నటించాను.